ఏడిపించిన రావమ్మ

కంకిపాడు సాలెవీధిలో కాన్పు మంత్రసానిది, నీళ్ళు రావమ్మవి. అది అందరికీ తెలిసిన ఏర్పాటు. బిడ్డ భూమ్మీద పడ్డ కబురు అందగానే రావమ్మ చుడుతున్న నూలు కండె పక్కన పడేసి, కొంగు బిగించి, తన సున్నిపిండి డబ్బా చంకన పెట్టుకుని బయల్దేరేది. ఇంకెవరింటి సున్నిపిండీ ఆమెకి నచ్చదు. ఒకరిది గరుకు, ఒకరిది పాతది, ఒకావిడ మొగుడి మీద కోపంతో తిరగట్లో విసిరింది కాబట్టి బిడ్డకి మంట పుడుతుందట.

పెరట్లో పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ దాకా ఎగదోపి, రెండు కాళ్ళూ బారచాపితే ఆ కాళ్ళే బిడ్డకి ఉయ్యాల. ఒళ్ళంతా ఆముదం పట్టించేది. నలుగు పెట్టి, చెంబుతో గోరువెచ్చని నీళ్ళు సన్నటి ధారగా పోసేది. ముక్కు నిమిరి, రెండు చుక్కలు నువ్వులనూనె ముక్కుల్లో వేసి, ఒక ఊపు ఊదేది. బిడ్డ గుటక వేసి తుమ్మేది. ఆపైన సాంబ్రాణి పొగ, పొత్తిగుడ్డలు. అప్పటిదాకా వీధంతా వినపడేలా ఏడ్చిన పిల్లయినా ఆమె మోకాళ్ళు నాలుగుసార్లు ఊగేసరికి కళ్ళు మూయాల్సిందే.

చివర్న ఇంకో పని చేసేది. నోరు తెరుచుకుని నిద్రపోయే బిడ్డకి గాలి పట్టి కడుపు ఉబ్బుతుందని, గడ్డం కింద వేలు ఆన్చి నోరు మూసేది. బిడ్డ పెదవులు చప్పరించి, ముక్కుతో ఊపిరి తీసుకుంటూ నిద్రలోకి జారుకునేది. అది చూశాకగానీ కాళ్ళు మడిచేది కాదు.

రావమ్మకి ఇరవై రెండో ఏట భర్త పోయాడు. పిల్లల్లేరు. తమ్ముడింట్లో ఉంటూ పగలంతా కండెలు చుట్టేది. నీళ్ళు పోయడం ఆమెకి ఎవరూ నేర్పలేదు. నేర్పాల్సిన మేనత్త నడుం పట్టేసి మంచమెక్కిన రోజున ఎవరో ఒకరు పొయ్యాలి కదా అని పోసింది. అంతే, ఇరవై ఆరేళ్ళు పోస్తూనే ఉంది. ఆమె చేతిలో ఏడుపు ఆపని బిడ్డ ఆ వీధిలో పుట్టలేదని చెప్పుకునేవారు. పొగిడితే మాత్రం రావమ్మకి చిరాకు. ఏడుపాపడం గొప్పేమిటి, ఏడిపించేవాళ్ళు మీరంతా ఉండగా, అనేది.

అలాంటి రావమ్మ ఒక శ్రావణమాసం పొద్దున, మూడు రోజుల పసివాణ్ణి పది మైళ్ళ పొడుగునా ఏడిపించింది. ఆ కథే ఇది.

యుద్ధం ముమ్మరంగా ఉన్న రోజులు. నూలు దొరక్క వీధిలో సగం మగ్గాలు మూలబడ్డాయి. పెట్రోలు దొరక్క బస్సులు వెనకాల ఇనప పీపాలు తగిలించుకుని బొగ్గు మీద నడుస్తున్నాయి. మార్కండేయులు కూతురు సుబ్బరత్నం రెండో కాన్పుకి పుట్టింటికి వచ్చింది. మొదటి కాన్పూ ఇక్కడే. ఆడపిల్ల. మూడో రోజున పోయింది. ఊపిరి తీస్తే గుర్రుగుర్రుమని శబ్దం వచ్చేది, అది బాలగ్రహమని అందరూ అన్నారు, తాయెత్తు కట్టారు, తాయెత్తు తాడు నలగకముందే పిల్ల లేకుండా పోయింది. అందుకే ఈసారి పురిటి నొప్పులు మొదలైన దగ్గర్నించీ ఇంటిల్లిపాదీ మాటలు తగ్గించేశారు.

మగపిల్లాడు పుట్టాడు. పుట్టగానే గట్టిగా ఏడ్చాడు. మార్కండేయులు మగ్గం గుంటలోంచి లేచి నిలబడి, ఆ ఏడుపు వింటూ నవ్వాడు. ఏడుపు ఆగింది. ఆగిన మరుక్షణం గదిలోంచి గుర్రుమని ఇంకో చప్పుడు వచ్చింది. మార్కండేయులు మళ్ళీ గుంటలోకి దిగి కూర్చున్నాడు గానీ ఆ రోజంతా మగ్గంలో నాడె ఆడలేదు.

ఉమ్మనీరు మింగి ఉంటాడులే, రెండు నీళ్ళు పడితే పోతుంది అని రావమ్మ ధైర్యం చెప్పింది. పోలేదు. రొమ్ము పట్టిస్తే రెండు గుక్కలు లాగేవాడు, మూడో గుక్కకి మొహం నేరేడుపండు రంగుకి తిరిగేది, రొమ్ము వదిలేసి కెవ్వున ఏడ్చేవాడు. ఏడవగానే మళ్ళీ ఎర్రగా అయ్యేవాడు. ఏడుపు ఆగితే గుర్రు. రెండో రోజంతా ఉగ్గుగిన్నెతో చుక్క చుక్క పాలు పోశారు. సుబ్బరత్నం తల్లి రామతులసి కొత్త తాయెత్తు తెప్పించింది.

మూడో రోజు పొద్దున రావమ్మ పీట వేసుకుంది. వాడు ఏడుస్తూనే ఉన్నాడు. ఏడుస్తున్నంత సేపూ మందారంలా ఉన్నాడు. నలుగు పెట్టింది, నీళ్ళు పోసింది, ముక్కులో నూనె చుక్కలు వేసింది.

నూనె లోపలికి పోలేదు.

ముక్కు అంచుదాకా నిండి, ప్రమిదలో చమురులా నిలబడి, మెల్లిగా పై పెదవి మీదికి కారింది. గుటకా లేదు, తుమ్మూ లేదు. రావమ్మ కొంగుతో తుడిచి రెండో ముక్కులో వేసింది. అదీ అంతే. వంగి ఊదింది. ఊదిన గాలి తిరిగొచ్చి ఆమె చెంపకే కొట్టింది. ఇరవై ఆరేళ్ళలో ఎందరి ముక్కుల్లో ఊదిందో, ఎప్పుడూ ఇలా జరగలేదు. జరిగినా ఆమె చూసుకోలేదేమో.

చేతులు మాత్రం వాటి అలవాటు ప్రకారం పని చేసుకుపోయాయి. పొత్తిగుడ్డలో చుట్టింది, మోకాళ్ళు ఊపింది. వాడు ఏడుపు మానాడు. వేలు గడ్డం కిందికి వెళ్ళి నోరు మూసింది. వెంటనే వాడి రొమ్ము ఎముకల కింద గుంట పడింది, కడుపు ఎగిరెగిరి పడింది, పెదవులు నల్లబడ్డాయి. రావమ్మ వేలు నిప్పు తగిలినట్టు వెనక్కి వచ్చేసింది. నోరు తెరుచుకుంది. కెవ్వుమన్నాడు. ఎర్రబడ్డాడు.

రెండోసారి ఆ నోరు మూసి చూసే ధైర్యం ఆమెకి లేదు. మార్కండేయుల్ని పిలిచి, మగ్గం మీది పడుగులోంచి కాస్త నూలు పీచు లాక్కురమ్మంది. ఏమిటే నీ పిచ్చి అంటూనే అతను తెచ్చాడు. ఊపిరి తగిలినా ఎగిరేంత పల్చటి పీచు. రావమ్మ వాడి కింది పెదవిని కొంచెం లాగి పట్టుకుని, పీచుని ముక్కు దగ్గర పెట్టింది. కదల్లేదు. రెండో ముక్కు దగ్గరా కదల్లేదు. నోటి దగ్గరికి తెచ్చిందో లేదో ఎగిరి ఆమె మణికట్టుకి అంటుకుంది.

ముప్ఫై ఏళ్ళుగా నూలు చూస్తున్న మార్కండేయులికి వేరే చెప్పక్కర్లేకపోయింది. రామతులసే, ముక్కు ఉందిగా, అందరికీ కనిపిస్తోందిగా అంది.

"గుమ్మం ఉంది వదినా," అంది రావమ్మ. "లోపల గోడ కట్టేసి ఉంది."

బెజవాడ తీసికెళ్ళాలంది. రామతులసి అడ్డం తిరిగింది. పదకొండో రోజు పురుడు వెళ్ళేదాకా తల్లీ బిడ్డా గడప దాటకూడదు, అందులోనూ బస్సులో, నలుగురి గాలీ తగిలే చోట. పోయినసారి అన్నీ పద్ధతిగా చేస్తేనే పిల్ల దక్కలేదు, ఈసారి పద్ధతి తప్పితే ఇంకేమన్నా ఉందా అని ఏడ్చింది.

గది గుమ్మం దగ్గర గోడ పట్టుకుని సుబ్బరత్నం నిలబడి ఉంది. ఎప్పుడు లేచి వచ్చిందో ఎవరూ చూడలేదు.

"అత్తా, నా మొదటి పిల్ల కూడా ఇలాగే చేసిందా?"

రావమ్మ తల ఎత్తలేదు. "ఇలాగే చేసిందే. దాని నోరు నేనే మూశాను. మంచిదనుకుని మూశాను."

రామతులసి ఏడుపు ఆగిపోయింది. సుబ్బరత్నం పిన్నీసుతో కొంగు బిగించుకుంది.

"అయితే వీణ్ణి నువ్వే ఎత్తుకో," అంది. "పద."

రోడ్డు మీదికి వచ్చేసరికి ఉయ్యూరు వైపు నించి బస్సు పొగ కక్కుకుంటూ వస్తోంది. డ్రైవరు అబ్రహాము కంకిపాడు వాళ్ళందరికీ తెలిసినవాడే. మార్కండేయులు ముందు సీటు మీద బొంత పరిచి కూతుర్ని కూర్చోబెట్టాడు. పక్కన రావమ్మ, ఒళ్ళో బిడ్డ.

ఇక చూడండి రావమ్మ అవస్థ. బిడ్డ ఏడిస్తే ఆమె మోకాళ్ళు వాటంతటవే ఊగుతాయి. ఊపితే వీడు నిద్రపోతాడు. నిద్రపోతే నోరు మూస్తాడు. మోకాళ్ళని బిగబట్టి కూర్చుంది. నోట్లోంచి జోల వచ్చేస్తుంటే పళ్ళు బిగించింది. ఏడుపు తగ్గినప్పుడల్లా అరికాలి మీద వేలితో చిటికె కొట్టింది. వాడు ఉలిక్కిపడి మళ్ళీ అందుకునేవాడు. కొట్టిన ప్రతిసారీ ఆమె కళ్ళు తుడుచుకునేది.

ఇది చూసి బస్సు ఊరుకుంటుందా? పాలివ్వక చంపుతారా అని ఒక బెండకాయల గంపావిడ కేకలేసింది. ఎవరో పెద్దమనిషి, పిల్లని పెంచడం చేతగాని ముండలు అన్నాడు. వెనక సీట్లోంచి సాలెవీధి బసవపున్నయ్య లేచి నిలబడి మరీ చూశాడు.

"ఎవరూ, రావమ్మక్కే? నీ చేతిలో బిడ్డ ఏడవడమేమిటక్కా? కృష్ణ వెనక్కి పారుతోందా ఏం?"

"నోర్ముయ్యరా," అంది రావమ్మ. "వీడు తప్ప అందరూ నోరు మూసుకోండి."

పెనమలూరు దాటాక బస్సు రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. వానకి బొగ్గు తడిసింది. అబ్రహాము దిగి పీపా మూత తీసి, నిప్పుకి గాలి కొట్టే మర తిప్పడం మొదలెట్టాడు. పొగే తప్ప నిప్పు రాజుకోలేదు.

అప్పటికి వాడి గొంతు బొంగురుపోయింది. ఎంత ఏడుస్తాడు, మూడు రోజుల ప్రాణం, కడుపులో పాల చుక్కలేదు. ఏడుపు మూలుగయింది. మూలుగు ఆగింది. రావమ్మ చిటికె కొట్టింది. పలకలేదు. గట్టిగా కొట్టింది. కాలు కదిల్చాడే తప్ప కళ్ళు తెరవలేదు. పెదవులు దగ్గరికి వచ్చాయి, గుర్రు మొదలయింది, రొమ్ము కింద గుంట పడింది. సుబ్బరత్నం చూసి, అత్తా, నల్లబడుతున్నాడు అంది. ఆ మాట బస్సంతా వినపడింది.

రావమ్మ ఏం చేస్తోందో ఆమెకే తెలియదు. చీర చెంగు చిటికెనవేలికి చుట్టి వాడి నోట్లో పెట్టింది. నాలుక అంగిటికి అంటుకుపోయి ఉంది. వేలితో దాన్ని కిందికి నొక్కి, దవడ కొంచెం ముందుకి లాగింది. వేలి పక్కనించి బుస్సుమని గాలి లోపలికి పోయింది. ఇంకోసారి. ఇంకోసారి. నలుపు మెల్లిగా విరిగింది. వాడు నిద్రలోనే ఉన్నాడు, నిద్రలోనే ఊపిరి తీస్తున్నాడు, ఆమె వేలి మీదుగా.

"కనపడిందా అత్తా, దారి?"

"కనపడిందే. వేలు తియ్యకుండా ఉంటే చాలు. బస్సు కదలమను."

అబ్రహాము కిటికీలోంచి తల పెట్టి చూశాడు. వెనక్కి తిరిగి అందర్నీ దిగి తొయ్యమన్నాడు. బెండకాయలావిడ గంప రోడ్డు మీద పెట్టి భుజం ఆన్చింది. ముండలన్న పెద్దమనిషి పంచె ఎగ్గట్టాడు. బసవపున్నయ్య అందరికంటే ముందు బురదలో మోకాలి దాకా దిగాడు. కాలవ గట్టు మీద వెళ్ళే రైతులు ఇద్దరు తలపాగాలు పక్కన పెట్టి వచ్చి చెయ్యి వేశారు. మార్కండేయులు తోస్తూ తోస్తూ ఒకసారి పడి లేచాడు. ఇరవై గజాలు, ముప్ఫై గజాలు, భళ్ళున పొగ కక్కి బస్సు అందుకుంది. అందరూ పరిగెత్తి ఎక్కారు.

ఇక అబ్రహాము ఎక్కడా ఆపలేదు. పోరంకిలో చెయ్యెత్తినవాళ్ళు ఎత్తినట్టే ఉండిపోయారు. కానూరులో దిగాల్సినవాళ్ళు లేచి నిలబడితే, ఇవాళ కానూరు లేదు, రేపొచ్చి దిగండి అన్నాడు. వాళ్ళూ నవ్వుతూ కూర్చున్నారు. పటమట దాటింది. గవర్నర్‌పేటలో చెవి, ముక్కు, గొంతు చూసే అచ్యుతరామారావుగారని ఒక డాక్టరున్నారు, తన చెవిలో చీము తగ్గించింది ఆయనే, ఆ గుమ్మంలోనే దింపుతానన్నాడు. దింపాడు కూడా. వేలు చలించకుండా రావమ్మని దింపడానికి నలుగురు మనుషులు కావలసివచ్చింది.

డాక్టరుగారు అప్పుడే చేతులు కడుక్కుంటున్నారు. లోపలికి వచ్చిన వాళ్ళని చూశారు, రావమ్మ వేలిని చూశారు, తడి చేతులతోనే దగ్గరికి వచ్చారు. వేలు తియ్యమంటారేమోనని రావమ్మ భయపడింది.

"తియ్యకండమ్మా," అన్నారాయన. "ఎంతసేపటి నించి ఇలా పట్టుకున్నారు?"

పెనమలూరు నించి అని చెప్పింది. ఆయన నర్సు శాంతకుమారి వైపు చూశారు. నూనె నిలబడిపోయిన సంగతి, ఊదిన గాలి తిరిగొచ్చిన సంగతి, నూలు పీచు సంగతి రావమ్మ ఒక్కొక్కటీ చెప్తుంటే మధ్యలో ఆపకుండా విన్నారు. మూడేళ్ళ కిందటి మొదటి పిల్ల సంగతి కూడా దాచకుండా చెప్పింది.

సన్నటి రబ్బరు గొట్టం ఒకటి తీసి వాడి ముక్కులోకి పోనిచ్చారు. అంగుళం పోయి ఆగింది. రెండో పక్కా అంతే. ఆయన మొహం చిన్నపిల్లాడి మొహంలా వెలిగింది. మద్రాసులో చదువుకునేటప్పుడు ఒకే ఒక్కసారి చూశానన్నారు, ఇన్నేళ్ళ ప్రాక్టీసులో మళ్ళీ కనపడలేదట. కడుపులో ఉన్నప్పుడు ముక్కు వెనక, గొంతు వైపు ఒక తెర ఉంటుంది, పుట్టేలోపు అది తెరుచుకోవాలి, లక్షలో ఏ కొందరికో తెరుచుకోదు. పసిపిల్లలకి నోటితో ఊపిరి తీయడం తెలియదు, ఏడ్చినప్పుడే నోటితో గాలి అందుతుంది. అందుకే ఏడిస్తే ఎర్రబడతాడు, నోరు మూసినా పాలు పట్టినా నల్లబడతాడు. ఇదంతా చెప్తూనే పనిముట్లు మరిగించమని శాంతకుమారికి పురమాయిస్తున్నారు.

రావమ్మకి అడగాల్సింది ఒక్కటే మిగిలింది. "ఆ తెర పొరేనాండీ, ఎముకా?"

డాక్టరుగారు ఆగి ఆమె వైపు చూశారు. పొరయితే ఇప్పుడే, ఇక్కడే పని అయిపోతుందన్నారు. ఎముకయితే మద్రాసు పంపాలి. మద్రాసు దాకా వీడు ఉంటాడని ఆయన అనలేదు.

మార్కండేయుల్ని బయట కూర్చోమన్నారు. తల కదలకుండా ఎవరు పట్టుకుంటారంటే, శాంతకుమారి ముందుకి వచ్చింది. డాక్టరుగారు వద్దని రావమ్మనే పిలిచారు. నోట్లో వేలి బదులు చిన్న రబ్బరు గొట్టం పెట్టి, పక్కకి టేపు అంటించారు. రావమ్మ బల్ల తల వైపు నిలబడి రెండు అరచేతుల మధ్య ఆ తలని ఇముడ్చుకుంది. ఎన్ని వందల తలలు పట్టిన చేతులు. ఇంత చల్లగా ఎప్పుడూ లేవు.

వంకర తిరిగిన సన్నటి పుల్లలాంటిదేదో లోపలికి వెళ్ళింది. ఆగింది. డాక్టరుగారు కళ్ళు మూసుకుని, వేళ్ళతో వింటున్నట్టు మెల్లిగా తోశారు. రావమ్మ వాడి మొహం చూడలేక ఆయన మొహమే చూస్తోంది. ఆ మొహంలో ఒక గీత సడలింది.

"మెత్తగా ఉంది," అన్నారు.

మరుక్షణం రావమ్మ అరచేతులకి టప్పుమని చిన్న అదురు తెలిసింది, బిగించి నేసిన గుడ్డలోంచి దబ్బనం దిగినట్టు. నెత్తురు వచ్చింది. శాంతకుమారి దూదితో అద్దింది. నెత్తుట్లో ఒక బుడగ లేచింది, పగిలింది, ఇంకోటి లేచింది. డాక్టరుగారు ఆ బుడగని చూపించారు. రెండో పక్కా అలాగే. రెండు రబ్బరు గొట్టాలు ముక్కుల్లో దించి కట్టారు. ఆరు వారాలు ఉండాలి, ఉప్పునీళ్ళ చుక్కలు వేసి శుభ్రం చేస్తూ ఉండాలి, మూసుకుపోతే కొంప మునుగుతుంది, చెయ్యగలరా అని అడిగారు. అందరూ రావమ్మ వైపు చూశారు. ఆమె తలూపింది.

గంట గడిచింది. నెత్తురు ఆగింది. నోట్లో గొట్టం తీసేశారు. ఇక తల్లి పాలు పట్టించమన్నారు.

సుబ్బరత్నం వాణ్ణి తీసుకుని రొమ్ము అందించింది. వాడు ఏడుస్తూనే వెతుక్కున్నాడు, దొరకపుచ్చుకున్నాడు. నోరు మూసుకుపోయింది. ఏడుపు ఆగింది. రావమ్మ చిటికెనవేలికి చెంగు చుట్టుకుని సిద్ధంగా వంగి నిలబడింది. ఒక గుక్క. రెండు. మూడో గుక్క దగ్గర సుబ్బరత్నం ఊపిరి బిగబట్టింది. వాడు వదల్లేదు. నాలుగు. అయిదు. గొట్టాల కొసల్లోంచి సన్నటి ఈల లోపలికీ బయటికీ ఆడుతోంది. వాడి చెవి లేత మావిచిగురులా ఎర్రగా ఉంది. ఎనిమిది. తొమ్మిది.

బయట బెంచీ మీద మార్కండేయులికి గదిలోంచి వినపడింది ఒక్కటే, ఏడుపు ఆగిపోవడం. పొద్దున్నించీ ఆ ఏడుపునే పట్టుకుని బతుకుతున్న మనిషి. కాసేపు ఆగాడు. మళ్ళీ వినపడుతుందేమోనని చూశాడు. వినపడలేదు. బురద కాళ్ళతో లేచి, ఎవరు వద్దంటున్నా వినకుండా తలుపు తోసుకుని లోపలికి వచ్చేశాడు.

రావమ్మ తిరిగి చూసింది. వేలికి చుట్టిన చెంగు విప్పుకుంది.

"మెల్లిగా అన్నయ్యా," అంది. "తాగుతున్నాడు."